సంఘం తరఫున సంతకం ఎవరిది?

2023 డిసెంబరు 27న సింగరేణి కార్మికులు రహస్య బ్యాలెట్‌తో తమ గుర్తింపు సంఘాన్ని ఎన్నుకున్నారు. కంపెనీ మొత్తం ఓట్లలో ఏఐటీయూసీ పైచేయి సాధించి గుర్తింపు సంఘమైంది. పదకొండు ఏరియాల్లో ఆరింటిని ఐఎన్‌టీయూసీ గెలుచుకుని అక్కడ ప్రాతినిధ్య సంఘంగా నిలిచింది. గేట్ మీటింగులు, జెండాలు, కరపత్రాలు, చివరికి అర్ధరాత్రి దాకా సాగే ఓట్ల లెక్కింపు అందరి కళ్లలోనూ పడతాయి. ఆ మర్నాటి నుంచి మొదలయ్యే పని గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. కార్మికుడు ఓటు వేసింది సంఘానికి. ఆ సంఘం తరఫున యాజమాన్యంతో కూర్చుని మాట్లాడేది, ఒప్పందం మీద సంతకం పెట్టేది, చందా డబ్బుకు లెక్క చెప్పేది కొద్దిమందే. వాళ్లనే కార్యవర్గం అంటాం. కమిటీ అని, బాడీ అని, ఈసీ అని ఒక్కో చోట ఒక్కో పేరు.

కార్మిక సంఘాల బలం తగ్గిపోతోందని బాధపడేవాళ్లు కాంట్రాక్టు పద్ధతిని, ప్రభుత్వ విధానాలను, సంఘాల మధ్య చీలికలను కారణాలుగా చూపుతారు. అవన్నీ నిజాలే. వాటితో పాటు మన చేతిలోనే ఉన్న కారణం ఇంకొకటి ఉంది. కార్యవర్గానికి ఏ అధికారం ఉందో, ఏది లేదో సభ్యుల్లో చాలామందికి తెలియదు. తెలియని చోట అంతా ఒక్క నాయకుడి చుట్టూ తిరుగుతుంది. ఆయన ఉన్నన్నాళ్లూ సంఘం ఉంటుంది, ఆయన రిటైరైతే ఆఫీసుకు తాళం పడుతుంది.

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కార్యవర్గాన్ని సూటిగా నిర్వచించింది. పేరు ఏదైనా కావచ్చు, సంఘం వ్యవహారాల నిర్వహణ ఎవరి చేతికి అప్పగించారో వాళ్లే కార్యవర్గం. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చినా, ఈ మూలసూత్రం మారలేదు. సంఘం సభ్యులది, దాన్ని నడిపే బాధ్యత కార్యవర్గానిది. అధ్యక్షుడు సమావేశాలు నడుపుతాడు, ప్రధాన కార్యదర్శి ఉత్తరాలూ తీర్మానాలూ చర్చలూ చూస్తాడు, కోశాధికారి డబ్బు చూస్తాడు. మిగతా సభ్యులు ఒక్కో డిపార్టుమెంటు నుంచో, ఒక్కో షిఫ్టు నుంచో వస్తారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు కార్యవర్గంలో ఉండటానికి వీల్లేదు. నైతిక పతనానికి సంబంధించిన నేరంలో జైలుశిక్ష పడినవాళ్లు విడుదలై ఐదేళ్లు గడిచేదాకా పనికిరారు. ఒకసారి ఎన్నికైన కార్యవర్గం పదవీకాలం మూడేళ్లు దాటకూడదు.

ఈ నియమాలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. బకింగ్‌హామ్, కర్నాటక్ మిల్లుల కార్మికులు అందులో చేరారు. మన ఆంధ్ర ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. మిల్లుల యాజమాన్యమైన బిన్నీ కంపెనీ 1920లో హైకోర్టుకు వెళ్లింది. కార్మికులను పని మాన్పించి కంపెనీతో వాళ్లకున్న ఒప్పందాన్ని భంగపరిచారంటూ సంఘం నాయకుల మీద ఇంజంక్షన్ తెచ్చుకుంది. సంఘం పెట్టుకున్నందుకు, సమ్మె నడిపినందుకు నాయకుల ఇల్లూ వాకిలీ నష్టపరిహారం కింద పోయే పరిస్థితి. ఈ దెబ్బ చూశాకే ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో సంఘాలకు చట్టరక్షణ కోరుతూ తీర్మానం పెట్టారు. అది చట్టం కావడానికి ఐదేళ్లు పట్టింది. రిజిస్టరైన సంఘం కార్యవర్గం కార్మిక వివాదంలో చట్టబద్ధంగా చేసిన పనికి కుట్ర కేసు గానీ, ఒప్పందం భంగపరిచారన్న సివిల్ దావా గానీ చెల్లదన్న రక్షణ అలా వచ్చింది. ఇప్పుడు గేటు ముందు నిలబడి మైకు పట్టుకునే ప్రతి కార్యదర్శీ ఆ రక్షణ నీడలోనే మాట్లాడుతున్నాడు.

వాడియా మిల్లు కార్మికుడు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపి, రెండుసార్లు ఏఐటీయూసీ అధ్యక్షుడై, తర్వాత రాష్ట్రపతి అయిన మన వి.వి. గిరి కూడా కార్మికుడు కాదు, లాయరు. చదువు రాని కార్మికులకు ఆ రోజుల్లో ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టే మనిషి కావాలి, యాజమాన్యం ఉద్యోగం పీకలేని మనిషి కావాలి. అందుకే బయటివాళ్లు అవసరమయ్యారు. ఇప్పుడు ఆ అవసరం తగ్గింది. 2001 సవరణ తర్వాత సంఘటిత రంగంలోని సంఘాల్లో బయటివాళ్లు మొత్తం ఆఫీసు బేరర్లలో మూడో వంతు గానీ, ఐదుగురు గానీ, ఏది తక్కువైతే అంతకు మించి ఉండకూడదు. అసంఘటిత రంగంలో సగం దాకా ఉండవచ్చు. రిటైరైన కార్మికుడిని చట్టం బయటివాడిగా లెక్కగట్టదు. మంత్రి పదవిలో ఉన్నవాళ్లు మాత్రం కార్యవర్గంలో ఉండటానికి వీల్లేదు. బయటివాళ్లను పూర్తిగా వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. అనుభవం ఉన్న ఒక పెద్దమనిషి పక్కన కూర్చుంటే చర్చల్లో తడబాటు తగ్గుతుంది. పగ్గాలు మాత్రం పనిచేసేవాడి చేతిలోనే ఉండాలి.

కార్యవర్గం పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక చార్జిషీటు చూస్తే చాలు. భూగర్భ గనిలో పనిచేసే కార్మికుడు జబ్బుపడి నెలల తరబడి నాగాలు పెట్టాడనుకుందాం. ఏడాదికి సరిపడా మస్టర్లు, అంటే హాజరు రోజులు, లేవని చార్జిషీటు చేతికొస్తుంది. అతను నేరుగా వెళ్లేది ఆ గనిలో సంఘం పని చూసే పిట్ కార్యదర్శి దగ్గరికే.

"అన్నా, గీ కాయిదం ఇచ్చిండ్రు. ఏం జేయాలె?"

"తీసుకున్నట్టు సంతకం పెట్టినవ్ గదా, మంచిగయింది. తప్పు నాదే అని మాత్రం రాయకు తమ్ముడూ. దవాఖాన చీటీలన్నీ రేపు పట్టుకరా."

ఈ రెండు మాటల వెనక చాలా పని ఉంది. చార్జిషీటుకు గడువులోగా జవాబు రాయాలి. ఏయే తేదీల్లో ఏ ఆస్పత్రిలో ఉన్నాడో, సెలవు కోసం చీటీ పంపాడో లేదో, పంపితే ఎవరు తీసుకున్నారో అందులో రావాలి. తర్వాత శాఖాపరమైన విచారణ. కార్మికుడి తరఫున తోటి కార్మికుడో, సంఘం బాధ్యుడో పక్కన కూర్చుని సాక్షులను ప్రశ్నించవచ్చు. అడగని ప్రశ్న రికార్డులోకి ఎక్కదు. రికార్డులో లేని విషయాన్ని రేపు లేబర్ కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం. సస్పెన్షన్‌లో పెడితే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత జాప్యం కార్మికుడి వల్ల కాకపోతే 75 శాతం జీవనభృతి రావాలి. ఆ సంగతి యాజమాన్యానికి గుర్తుచేసేదీ కార్యవర్గమే. డిస్మిస్ అయ్యాక ధర్నా చేసే సంఘం కన్నా, చార్జిషీటు దశలోనే నాలుగు పేజీల జవాబు సరిగ్గా రాయించే సంఘం మేలు. నా మట్టుకు కార్యవర్గాన్ని తూచే మొదటి కొలమానం ఇదే.

డిస్మిస్ అయితే కార్మికుడు ఒంటరిగానైనా వివాదం లేవనెత్తవచ్చు, చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. బదిలీ, ప్రమోషన్, ఇంక్రిమెంటు లాంటి విషయాలు అలా కాదు. సంఘమో, చెప్పుకోదగ్గ సంఖ్యలో తోటి కార్మికులో ఆ సమస్యను తమదిగా చేసుకుంటేనే అది పారిశ్రామిక వివాదం అవుతుంది. తమదిగా చేసుకున్నారని రుజువేమిటి? తీర్మానం. ఫలానా తేదీన సమావేశం జరిగింది, కోరం ఉంది, ఫలానా కార్మికుడి సమస్యను సంఘం చేపట్టాలని నిర్ణయించింది, ఫలానా వ్యక్తికి సంతకం చేసే అధికారం ఇచ్చింది అని మినిట్స్ పుస్తకంలో ఉండాలి. యాజమాన్యం లాయరు కోర్టులో మొట్టమొదట అడిగేది ఆ పేజీనే. న్యాయం కార్మికుడి వైపున్నా, ఆ పేజీ లేకపోవడం వల్ల కేసు వీగిపోయే ప్రమాదం ఉంది. సమావేశం పెట్టకుండా వరసగా సంతకాలు పెట్టించుకుని, ఆ తర్వాత తీరిగ్గా తీర్మానం రాసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ అలవాటును ఇవాళే మానుకోవాలి.

ఒప్పందాల దగ్గర ఈ విషయం ఇంకా పదునెక్కుతుంది. 1981లో బ్రూక్‌బాండ్ కంపెనీకి, దాని కార్మికులకు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చి చెప్పింది. సంఘం బాధ్యుడు ఎంత పెద్దవాడైనా కార్యవర్గం అతనికి అధికారం ఇచ్చి ఉండాలి, లేదంటే ఒప్పందం చేసుకునే అధికారం సంఘం నియమావళిలోనే రాసి ఉండాలి. రెండూ లేకుండా యాజమాన్యంతో కలిసి చేసిన సంతకం చట్టం దృష్టిలో ఒప్పందమే కాదు. అధ్యక్షుడి సంతకం తనంతట తాను సంఘం సంతకం కాదన్నమాట. అర్ధరాత్రి గెస్ట్‌హౌసులో ముగ్గురు నాయకులు ఒప్పేసుకుని, తెల్లారి గేటు దగ్గర ప్రకటిస్తే నోరెత్తలేకపోయిన కార్మికులు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి.

ఆ సంతకం ఎవరెవరిని కట్టిపడేస్తుందో కూడా తెలియాలి. లేబర్ అధికారి సమక్షంలో, రాజీ ప్రక్రియలో కుదిరిన ఒప్పందాన్ని కార్మికులు పన్నెండు(మూడు) సెటిల్‌మెంట్ అంటారు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ నంబరు అది. కోడ్ వచ్చి నంబరు మారినా నోట్లో నానిన ఆ మాట అంత తొందరగా పోదు. ఆ ఒప్పందం ఆ సంస్థలోని కార్మికులందరికీ వర్తిస్తుంది. సభ్యత్వం లేనివాళ్లకూ, వేరే సంఘంవాళ్లకూ, రేపు ఉద్యోగంలో చేరబోయేవాళ్లకూ కూడా. అధికారి ప్రమేయం లేకుండా రెండు పక్షాలూ విడిగా రాసుకున్న ఒప్పందం మాత్రం అందులో భాగస్వాములైన వాళ్లకే పరిమితం. ఎక్కడ కూర్చుని సంతకం చేయాలన్నది కూడా కార్యవర్గం ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయం. మూడు నాలుగేళ్ల పాటు వేలమంది జీతభత్యాలను నిర్ణయించే కాగితం అది. ముసాయిదాను సంతకానికి ముందే సభ్యుల ముందు పెట్టి, చదివి వినిపించి, వాళ్ల మాట తీసుకున్నాకే సంతకం చేయడం మర్యాదే కాదు, జాగ్రత్త కూడా.

డబ్బు సంగతికి వస్తే, సాధారణ నిధిని దేనికి ఖర్చు పెట్టవచ్చో 1926 చట్టమే జాబితా ఇచ్చింది. ఆఫీసు నిర్వహణ, సిబ్బంది జీతాలు, కోర్టు ఖర్చులు, వివాదాలు నడపడం, వివాదం వల్ల నష్టపోయిన సభ్యులకు పరిహారం, జబ్బు, ప్రమాదం, వృద్ధాప్యం, మరణం లాంటి సందర్భాల్లో సాయం, సభ్యుల చదువు, సంఘం పత్రిక. ఈ జాబితాలో లేని వాటికి ఆ నిధిని ముట్టుకోకూడదు. రాజకీయ కార్యక్రమాలకు విడిగా నిధి పెట్టుకోవచ్చు గానీ, దానికి చందా ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఇవ్వలేదని సభ్యుడికి దక్కే ప్రయోజనాలు ఆపకూడదు. ఏటా లెక్కలు ఆడిట్ చేయించి రిజిస్ట్రార్‌కు వార్షిక రిటర్ను పంపాలి. కార్యవర్గంలో మార్పులు జరిగితే అవీ అందులో తెలపాలి.

అన్నిటికన్నా చిన్నదిగా కనిపించే పని రసీదు పుస్తకాలది. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఉన్న పుస్తకం ఎవరికిచ్చారు, వసూలైందెంత, మిగిలిన రసీదులు తిరిగొచ్చాయా అని రాసిపెట్టుకునే కోశాధికారి ఉన్న సంఘంలో డబ్బు గొడవలు రావడం అరుదు. చందాను జీతంలోంచే కోయించే చెక్-ఆఫ్ ఉన్నచోట కూడా మహాసభలకూ, పోరాట నిధికీ చేతి వసూళ్లు జరుగుతూనే ఉంటాయి. సంఘాలు చీలిన సందర్భాల్లో బయటికి చెప్పే కారణం సిద్ధాంతమైనా, లోపల లెక్క తేలని డబ్బు ఉన్న ఉదాహరణలు తక్కువేం కాదు.

సమ్మె పిలుపు కార్యవర్గం తీసుకునే నిర్ణయాల్లో అతి బరువైనది. కొత్త కోడ్ ప్రకారం ఏ పరిశ్రమలోనైనా పద్నాలుగు రోజుల ముందు నోటీసు తప్పనిసరి. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడూ, ముగిసిన ఏడు రోజుల్లోపూ సమ్మె చేయకూడదు. సగం మంది లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. పదిమంది గానీ అంతకు మించి గానీ ఒక్కటై నోటీసు లేకుండా పని ఆపితే ఎనిమిది రోజుల దాకా జీతం కోత పడవచ్చు. ఈ లెక్కలన్నీ చూసుకుని పిలుపు ఇవ్వాల్సిన బాధ్యత కార్యవర్గానిది, జీతం పోయేది సభ్యుడిది. 2019లో తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది 52 రోజుల పాటు సమ్మె చేశారు. సంఘాల ఉమ్మడి కార్యాచరణ సమితి (జేఏసీ) సమ్మె విరమించాక కూడా వాళ్లను పనిలోకి తీసుకుంటారా లేదా అన్న ఉత్కంఠ కొన్ని రోజులు సాగింది. ఆ తర్వాత డిపోల్లో సంఘాల స్థానంలో సంక్షేమ మండళ్లు వచ్చాయి. ఆ కార్మికుల పట్టుదల ముందు నేను తల వంచుతాను. దాన్నుంచి కార్యవర్గాలు నేర్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది. సమ్మెలోకి దిగేటప్పుడే, ఏ మెట్టు దగ్గర ఆగాలో, ఆ మాట ఎవరు చెప్పాలో కూడా తీర్మానించుకోవాలి. బ్రిటన్‌లో సమ్మెకు ముందు సభ్యుల బ్యాలెట్ చట్టరీత్యా తప్పనిసరి. మన చట్టం అలా అడగదు. అడగకపోయినా అలా చేసిన కార్యవర్గానికి నైతిక బలం రెట్టింపవుతుంది.

కార్యవర్గ సభ్యుల మీద కక్షసాధింపు కొత్త సంగతి కాదు. అందుకే రక్షిత కార్మికుల పద్ధతి ఉంది. సంస్థలోని కార్మికుల్లో ఒక శాతం మందిని, ఐదుగురికి తగ్గకుండా, వందకు మించకుండా, రక్షిత కార్మికులుగా గుర్తిస్తారు. వివాదం విచారణలో ఉన్నంతకాలం, ముందుగా అనుమతి తీసుకోకుండా వాళ్లను తొలగించడం కుదరదు. అయితే ఆ పేర్లు సంఘమే రాసి పంపాలి. పాత కేంద్ర నియమాల్లో అందుకు ఏటా ఏప్రిల్ 30 గడువు. ఒక్క ఉత్తరం రాయడం మరచిన కార్యవర్గం తన రక్షణను తానే వదులుకున్నట్టు.

ఇక కార్యవర్గం ఎన్నిక. ఎలా ఎన్నుకోవాలో, ఎలా తొలగించాలో సంఘం నియమావళిలో రాసుకోవాలని చట్టం చెబుతుంది, రహస్య బ్యాలెట్ మాత్రం తప్పనిసరి చేయలేదు. అమెరికాలో 1959 నుంచి స్థానిక యూనియన్లు కనీసం మూడేళ్లకోసారి రహస్య బ్యాలెట్‌తోనే బాధ్యులను ఎన్నుకోవాలి. మన మహాసభల్లో ఎక్కువగా జరిగేది వేరు. ముందే తయారైన ప్యానెల్‌ను వేదిక మీద చదువుతారు, చేతులెత్తుతారు, చప్పట్లు కొడతారు. గుర్తింపు ఎన్నికల్లో సింగరేణి కార్మికుడు బ్యాలెట్ పెట్టెలో గుట్టుగా ఓటు వేస్తున్నప్పుడు, అదే కార్మికుడు తన సంఘం లోపల అందరి ముందూ చెయ్యెత్తాల్సి రావడం ఏం న్యాయం? సంఘాలు యాజమాన్యాల నుంచి కోరే పారదర్శకతను ముందు తమ ఇంట్లో పాటించాలి.

కార్యవర్గంలో ఎవరు లేరన్నదీ చూడాలి. సింగరేణిలో కాంట్రాక్టు కార్మికులకు గుర్తింపు ఎన్నికల్లో ఓటు లేదు. బొగ్గు తీసే పనిలో వాళ్ల భుజం ఉన్నా నిర్ణయాల్లో మాట లేదు. బీడీలు చుట్టేవాళ్లలో మహిళలే అధికం. అయినా చాలాచోట్ల వేదిక మీద కుర్చీల్లో మగవాళ్లే కనిపిస్తారు. రాత్రి ఎనిమిదింటికి పెట్టే సమావేశానికి, ఇంటికెళ్లి వంట చేయాల్సిన మనిషి ఎలా వస్తుంది? సమావేశం వేళ మార్చడం కూడా కార్యవర్గం తీర్మానంతో జరిగే పనే. కొత్త కోడ్‌లో మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం అవుతుంది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం చొప్పున మద్దతున్న సంఘాలతో మండలి ఏర్పడుతుంది. ఇన్నాళ్లూ పట్టించుకోని వాళ్లను ఇకనైనా చేర్చుకోకపోతే ఆ లెక్క దగ్గరే సంఘం ఆగిపోతుంది.

ఇది చదువుతున్న మీరు ఏదైనా సంఘంలో సభ్యులైతే మీకో మాట. సంఘం ఖాతా పుస్తకాలనూ సభ్యుల జాబితానూ నియమావళిలో చెప్పిన వేళల్లో చూసే హక్కు చట్టం ప్రతి సభ్యుడికీ ఇచ్చింది. అడగడం నాయకుడిని అవమానించడం అనుకోకండి. కిందటి ఏడాది ఆడిట్ నివేదిక ఎక్కడుంది, వార్షిక రిటర్ను పంపారా, ఈ ఒప్పందానికి అధికారమిచ్చిన తీర్మానం ఏ తేదీది, కార్యవర్గం గడువు ఎప్పుడు ముగుస్తుంది అని వచ్చే సర్వసభ్య సమావేశంలో లేచి అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే వచ్చే ఎన్నికలో మీరే నామినేషన్ వేయండి.